చెరువు పచ్చబడితే తప్పంతా నాచుదేనా?

మధురవాడ వైపు మా కాలనీ వెనకాల చిన్న చెరువొకటుంది, ఎండలు ముదిరేసరికి నీళ్లు పచ్చ పెయింట్ కలిపినట్టు అయిపోతాయి. మొన్న ఏప్రిల్‌లో అందరం చందాలేసుకుని నాచు చావాలని మైలతుత్తం (కాపర్ సల్ఫేట్) చల్లించాం, నేనూ రెండొందలిచ్చాను. మూడోరోజుకి నీళ్లు తేటబడ్డాయి, ఆ మర్నాడు తెల్లారేసరికి చేపలన్నీ నోళ్లు పైకెత్తి గుటకలేస్తున్నాయి, రెండు వారాలు తిరక్కుండా మళ్లీ అదే పచ్చ.

నాచు చచ్చింది సరే, అది తిన్న ఫాస్ఫరస్ ఎక్కడికి పోతుంది? చచ్చిన నాచుని బ్యాక్టీరియా కుళ్లబెట్టి దాన్ని మళ్లీ నీళ్లలోకే వదుల్తుంది, ఆ పనిలో ఆక్సిజన్ ఖర్చయిపోతుంది, అడుగున ఆక్సిజన్ అయిపోతే బురదలో ఇనుముకి అతుక్కుని పడున్న పాత ఫాస్ఫేట్ కూడా ఊడి పైకొస్తుంది. అంటే డబ్బులిచ్చి మరీ నాచుకి ఎరువేయించాం.

అసలు నాచు లేకపోతే చెరువే లేదు. దాన్ని నీటి ఈగలనే సన్నటి నీటి జీవులు తింటాయి, వాటిని చేపపిల్లలు తింటాయి, అవి విసర్జించిన అమ్మోనియా, ఫాస్ఫేట్ తిరిగి నాచుకే చేరతాయి, ఈ తిరగలి ఆగదు. కాకపోతే కిలో ఫాస్ఫరస్ చేతికందితే నాచు దాదాపు 40 కిలోల కార్బన్‌ని ఒంట్లోకి లాక్కుని పెరిగిపోగలదు, అక్కడే వస్తుంది తంటా. కెనడాలో 1973లో డేవిడ్ షిండ్లర్ అనే శాస్త్రవేత్త టీమ్ 226 నంబర్ సరస్సుకి నడుమ కర్టెన్ కట్టి రెండు పక్కలా కార్బన్, నత్రజని వేసి, ఫాస్ఫరస్ మాత్రం ఒక్క పక్కే కలిపారు, ఆ పక్కే పచ్చబడింది. నత్రజని తగ్గించినా లాభం తక్కువే, నీలి ఆకుపచ్చ నాచులో కొన్ని రకాలు గాల్లోంచే తెచ్చుకుంటాయి.

చిన్న చెరువే కదా అనుకోవద్దు, మేఘాద్రిగెడ్డ రిజర్వాయర్ నీళ్లు తాగే ఊరు మన విశాఖ. 2014 ఆగస్టులో ఎరీ సరస్సులో ఈ నీలి ఆకుపచ్చ నాచు విషం తేలి అమెరికాలోని టొలీడోలో నాలుగు లక్షల మందికి పైగా జనాన్ని కుళాయి నీళ్లు ముట్టొద్దన్నారు, ఆ విషం మరిగించినా పోదు.

నిన్న సాయంత్రం ఓ సీసాలో చెరువు నీళ్లు పట్టి కిటికీలో పెట్టాను. పొద్దున చూస్తే పచ్చంతా పైకి తేలి మీగడలా కట్టింది, అడుక్కి దిగలేదు, అంటే నీలి ఆకుపచ్చ రకమే అయ్యుండాలి. ఆదివారం మీటింగ్‌కి ఆ సీసా పట్టుకెళ్తున్నా, మందుకి చందా అంటే ముందు సబ్బు నురగతో పాటు ఫాస్ఫరస్‌నీ చెరువులోకి మోసుకొస్తున్న ఆ రెండు డ్రైన్ పైపులు చూసొద్దాం పదండి అంటాను.