మహారాజశ్రీ రోస్టర్ షీటు గారికి

ఎక్సెల్‌లో పుట్టి, ప్రింటర్‌లో పెరిగి, మా డైనింగ్ టేబుల్ మీద స్థిరపడి, ఏ ఆటగాడు ఎప్పుడు ఏ జట్టులో ఉండాలో శాసించే తమరికి, క్లీవ్‌లాండ్ శివార్లలో ఉంటున్న మీ గుమాస్తా చేసుకునే విన్నపం.

తమరు క్షేమమని తలుస్తాను. నా నడుము మాత్రం క్షేమంగా లేదు. ఎనిమిది నెలలుగా మీ ముందు వంగి కూర్చున్నాను మరి.

నేను కోరుకున్నది చిన్న సరదా. 1957 నాటి అమెరికన్ బేస్‌బాల్ సీజన్‌ని టేబుల్ మీద మళ్లీ ఆడుకోవాలని. ఆటగాడికొక కార్డు. ఆ ఏడాది అతను ఎలా ఆడాడో దాన్ని బట్టి ఆ కార్డులో అంకెలుంటాయి. మూడు పాచికలు వేస్తాం. చూడాల్సింది బ్యాటర్ కార్డా, పిచర్ (బంతి విసిరేవాడు) కార్డా అన్నది ఒకటి చెబుతుంది, మిగతా రెండూ కలిపి ఏం జరిగిందో చెబుతాయి. 16 జట్లు, జట్టుకు 154 చొప్పున మొత్తం 1232 గేములు. గేముకు అరగంట అనుకున్నా 616 గంటలు. రిటైరయ్యేలోపు తేలిపోతుందిలే అనుకున్నాను. మిమ్మల్ని లెక్కలో వేసుకోలేదు. ఇంతవరకు మొదటి గేమే మొదలవలేదు.

"ఏమండీ, మీ వాళ్ల హాజరుపట్టీ అయిందా? కూర చల్లారిపోతోంది" అని మా ఆవిడ రోజూ అడుగుతోంది. అమ్మాయి పెళ్లి శుభలేఖలో ఏ బాబాయి పేరు పైన వేయాలో, ఏ మేనత్త పేరు వదిలేస్తే కొంపలంటుకుంటాయో రెండు రోజుల్లో తేల్చినవాణ్ణి. మీ దగ్గర నా తెలివి పనిచేయలేదు.

జట్టుకు 25 మందే అన్నారు. సరే. కానీ రెడ్ షేన్‌డీన్స్ట్‌ని ఎక్కడ కూర్చోబెట్టమంటారు? జూన్ 15 దాకా న్యూయార్క్ జెయింట్స్ మనిషి, ఆ రోజు నుంచి మిల్వాకీ బ్రేవ్స్ మనిషి. అతనొక్కడి కోసం మిల్వాకీ ముగ్గురిని ఇచ్చింది. ఆ ఏడాది అతను కొట్టిన 200 హిట్లు రెండు ఊళ్లవీ కలిపి. అంటే ఒక కార్డు, రెండు కాపురాలు. జూన్ 15 గడిలో నాలుగు బాణం గుర్తులు గీసేసరికి మీ ముఖం పిల్లలు ఆడి వదిలేసిన వైకుంఠపాళిలా తయారైంది.

అసలు గొడవ బాబ్ హేజిల్ దగ్గర. ఈ పెద్దమనిషి పేరు అంతకుముందు పెద్దగా ఎవరికీ తెలియదు. మిల్వాకీ సెంటర్ ఫీల్డర్ బిల్ బ్రూటన్ మోకాలు దెబ్బతింటే, జూలై నెలాఖరులో చిన్న లీగు నుంచి పిలిపించారు. వచ్చి 41 గేముల్లో 134 సార్లు బ్యాట్ పట్టి 54 హిట్లు కొట్టాడు. సగటు .403! ఈ ఆటలో .300 కొడితేనే మొనగాడంటారు. 'హరికేన్' అని పేరు పెట్టారు. ఆ ఏడాది మిల్వాకీ వరల్డ్ సిరీస్, అంటే సీజన్ చివరి ఫైనల్, గెలిచింది. మరుసటి ఏడాదికి తుఫాను తీరం దాటేసింది. మనవాడు డెట్రాయిట్‌కి అమ్ముడుపోయాడు, ఆ సీజన్ తర్వాత మళ్లీ పెద్ద లీగులో కనిపించలేదు.

కానీ కార్డుకు ఈ సంగతేమీ తెలియదు కదా. ప్రాక్టీసు కోసమని అతణ్ణి ఏప్రిల్ నుంచే దింపి పది గేములు ఆడి చూశాను. పాచికలు వేస్తుంటే చేతులు వణికాయి, బంతి కంచె లోపల ఉంటే ఒట్టు. మిల్వాకీ మేటి బ్యాటర్ హ్యాంక్ ఆరన్ అతని ముందు అప్రెంటిస్‌లా కనిపించాడు. అంతలో మీ అంచున ఎర్ర సిరాతో ఉన్న మాట కళ్లబడింది: "134 దాటరాదు". అది నా చేతిరాతే అనుకోండి. ఇక రేషన్ కార్డులో కిరోసిన్ లీటర్లు కొట్టేసినట్టు ఒక్కో ఛాన్సూ కొట్టేస్తూ పోవాలి. చరిత్ర చెదరకూడదట!

ఏ చరిత్ర సార్? ఆ ఏడాది రెండు లీగుల మేటి ఆటగాళ్లు తలపడే ఆల్-స్టార్ గేముకు అభిమానుల ఓట్లతో జట్టును ఎన్నుకుంటే, సిన్సినాటి జనం గుద్దిన గుద్దుడుకు నేషనల్ లీగు తరఫున ఎనిమిదిలో ఏడు స్థానాలు ఆ ఊరివాళ్లకే పోయాయి. అచ్చమైన రిగ్గింగ్. బేస్‌బాల్ కమిషనర్ ఫోర్డ్ ఫ్రిక్ ఇద్దరిని తీసేసి విల్లీ మేస్‌నీ ఆరన్‌నీ పెట్టాడు, ఆ తర్వాతి ఏడాది అభిమానుల ఓటు హక్కే పీకేశారు. అసలు రోస్టరే అంత సక్రమం. తమరు నాకు ఆరు ఛాన్సులు ఎక్కువ ఇస్తే ప్రళయం వస్తుందా?

పోనివ్వండి. ఎనిమిది నెలలు పట్టింది షేన్‌డీన్స్ట్ వల్లా కాదు, హేజిల్ వల్లా కాదు. మే 7 గడి వల్ల.

క్లీవ్‌లాండ్ పిచర్ హెర్బ్ స్కోర్. 1955లో 245 స్ట్రైకౌట్లు (బ్యాటర్‌ని పిచర్ తానే అవుట్ చేయడం), 1956లో 263. 1957 మే 7న, మొదటి ఇన్నింగ్స్, న్యూయార్క్ యాంకీస్ రెండో బ్యాటర్ గిల్ మెక్‌డూగల్డ్ కొట్టిన బంతి సూటిగా వెళ్లి అతని కంటికి తగిలింది. ఎగిరిన బంతిని థర్డ్ బేస్‌లో అల్ స్మిత్ అందుకుని మొదటి బేస్‌కి విసిరి మెక్‌డూగల్డ్‌ని అవుట్ చేశాడు. స్కోర్ మౌండ్ (పిచర్ నిలబడే దిబ్బ) దగ్గర పడి ఉన్నాడు. మీ లెక్కలో అది ఒక అవుట్, అంతే. స్కోర్ పేరు పక్కన 36 ఇన్నింగ్స్, తర్వాత ఖాళీ.

నేను 1996లో వైటూకే పని మీద ఈ ఊరొచ్చాను. క్రికెట్ తప్ప వేరే ఆట ఎరగను. ఆఫీసు నుంచి ఇంటికొచ్చే దారిలో కారు రేడియోలో కామెంటరీ చెప్పే గొంతు వింటూ వింటూ ఈ ఆట నేర్చుకున్నాను. ఆ గొంతు హెర్బ్ స్కోర్‌ది. 1997లో అతను మైకు వదిలేసేదాకా విన్నాను. "నన్ను దెబ్బతీసింది కన్ను కాదు, తర్వాత వచ్చిన చెయ్యి నొప్పి" అనేవాడట స్కోర్. ఆ మనిషికి లేని పేచీ మీకూ నాకూ మధ్య ఎందుకో తెలియదు.

పాచికల్లో ఎక్కడా ఆ దెబ్బ లేదు. మూడూ ఎన్నిసార్లు వేసినా రాదు. అది మీ గడిలో నేను రాస్తేనే జరుగుతుంది.

నిన్న రాత్రి రాశాను, పెన్సిల్‌తో. రబ్బరు చొక్కా జేబులోనే ఉంది.

ఇట్లు,
మీ గుమాస్తా

తా.క.: హేజిల్ విషయం మరోసారి పరిశీలించ ప్రార్థన. 140 చేయండి, రౌండ్ ఫిగర్.