ఘాట్ ఎక్కలేవన్న బస్సులు రోజూ ఎక్కుతున్నాయి

"తిరుమల లాంటి కొండ అడవుల్లో, జాతీయ పార్కుల్లో ఎలక్ట్రిక్ బస్సులు ఉత్త షో. ఘాట్ ఎక్కలేవు. ఎక్కినా ఆ కరెంటు బొగ్గుదే. చప్పుడు ఉండదు కాబట్టి జంతువులు చక్రాల కింద పడతాయి." ఈ వాట్సాప్ మెసేజ్ నాకు నలుగురైదుగురు పంపారు. చదువుకున్నవాళ్లు కూడా నమ్ముతున్నారు కాబట్టి రాస్తున్నాను.

ముందు ఘాట్ సంగతి. 2022 సెప్టెంబరులో, బ్రహ్మోత్సవాలప్పుడు, తిరుపతి–తిరుమల మధ్య ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు మొదలయ్యాయి. నిండా జనంతో ఎక్కుతూనే ఉన్నాయి. కరెంటు మోటారుకు కదలిన క్షణం నుంచే పూర్తి లాగుడు ఉంటుంది, మలుపు మలుపుకూ గేరు మార్చే పని లేదు. దిగేటప్పుడు ఇంకా మేలు. మోటారే జనరేటరులా తిరిగి బస్సును నెమ్మదింపజేస్తుంది, బ్యాటరీకి కొంత చార్జింగ్ తిరిగొస్తుంది. డీజిల్ బస్సులో కొండ దిగినవాళ్లకు బ్రేకులు కాలిన వాసన గుర్తుండే ఉంటుంది. ఆ వేడంతా వృథాయే కదా!

బొగ్గు మాట నిజమే. మన దేశంలో కరెంటు ఎక్కువగా బొగ్గు నుంచే వస్తోంది. కాబట్టి కాలుష్యం మొత్తం పోయిందని నేను అనను. కానీ శేషాచలం లోయలో ఈ బస్సుల డీజిల్ పొగ పడదు. శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కు ఉన్నది ఈ కొండల్లోనే. అక్కడి చెట్టుకూ, నడకదారి భక్తుడికీ ఆ తేడా ఈరోజే అందుతుంది.

ఇక జంతువులు. వాటిని చంపేది వేగం. బండి కాస్త వేగం అందుకుంటే ఇంజిన్ కంటే టైర్ల చప్పుడే ఎక్కువ వినిపిస్తుంది, అది ఎలక్ట్రిక్ బస్సుకూ ఉంటుంది. ఘాట్‌లో ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు కనీసం పట్టాలన్న నిబంధన ఉన్నది వేగాన్ని అదుపులో ఉంచడానికే. వేగం అదుపులో ఉంటే ఏ బండైనా ఒకటే.

'ఉత్త షో' అన్నవాళ్లు అమెరికాలోని జయాన్ జాతీయ పార్కును చూడాలి. కార్ల రద్దీ తట్టుకోలేక అక్కడ 2000లో ప్రొపేన్ గ్యాస్ బస్సులు పెట్టారు. బస్సులు నడిచే సీజన్‌లో లోయ రోడ్డులోకి సొంత కార్లను రానివ్వరు. 2024 నాటికి ఆ బస్సులన్నీ ఎలక్ట్రిక్ అయ్యాయి.

మన దగ్గర తక్కువైంది ఇదే. బస్సులు మారుతున్నాయి, కార్లు మాత్రం వరస కట్టి కొండెక్కుతూనే ఉన్నాయి. అలిపిరిలో కారు వదిలేసి బస్సెక్కాలంటే కింద చాలినంత పార్కింగ్ ఉండాలి, ముసలివాళ్లు గంటలు నిలబడకుండా బస్సు వెంట బస్సు రావాలి. ఫార్వర్డ్ చేసేవాళ్లు అధికారులను అడగాల్సింది దాని గురించి.