పేర్లు తీసేయడం చేతనైతేనే న్యూస్‌లెటర్‌

చిన్న వ్యాపారం కోసం ఈమెయిల్‌ న్యూస్‌లెటర్‌ మొదలుపెట్టాలనుకునేవారు ముందుగా అడిగేది, జాబితాలో ఎంతమంది ఉంటే గిట్టుబాటవుతుందని. సోషల్‌ మీడియాలో ఫాలోవర్ల లెక్క చూసుకోవడానికి అలవాటుపడిన కంటికి ఈ జాబితా కూడా అలాంటి అంకెలాగే కనిపిస్తుంది. మీ పేజీకి ఎప్పుడో లైక్‌ కొట్టి మరిచిపోయిన మనిషి ఓ మూల పడి ఉంటాడు, అంతే. మెయిల్‌ జాబితాలో మిమ్మల్ని మరిచిపోయిన మనిషి అలా ఊరుకోడు. ఒకరోజు మీ ఉత్తరం చూసి ‘ఎవరబ్బా వీళ్లు?’ అనుకుని స్పామ్‌ బటన్‌ నొక్కుతాడు. దాని దెబ్బ మీ ఉత్తరం కోసం ఎదురుచూసే పాత ఖాతాదారు ఇన్‌బాక్స్‌ దాకా వెళ్తుంది.

ఎంతమంది నొక్కితే ప్రమాదమో లెక్క ఉంది. గూగుల్‌, యాహూ 2023 అక్టోబరులో ప్రకటించి 2024 ఫిబ్రవరి నుంచి అమల్లో పెట్టిన నిబంధనల ప్రకారం స్పామ్‌ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదు. 0.1 శాతంలోపే ఉంచుకోమని గూగుల్‌ సలహా. దీన్ని మనుషుల్లోకి మార్చి చూడండి. జాబితాలో వెయ్యిమంది ఉన్నారు, వారిలో 600 మందివి జీమెయిల్‌ ఖాతాలు అనుకుందాం. ఒక సంచికకు ఇద్దరు ఫిర్యాదు చేస్తే 0.33 శాతం. ఒక్కరు చేసినా 0.17. ఒకసారి గీత దాటగానే తలుపు మూసేయరు గానీ, సంచిక తర్వాత సంచిక అలాగే సాగితే మీ డొమైన్‌ (ఈమెయిల్‌ చిరునామాలో @ తర్వాత వచ్చే పేరు) మీద మచ్చ పడుతుంది, అది తొందరగా పోదు. ఇంకో మెలిక: గూగుల్‌ ఈ శాతాన్ని ఇన్‌బాక్స్‌లోకి చేరిన మెయిళ్ల మీద లెక్కగడుతుంది. మీ మెయిళ్లన్నీ స్పామ్‌ ఫోల్డర్లోకే పోతుంటే ఫిర్యాదుల శాతం సున్నా చూపిస్తుంది. ఆ సున్నా చూసి సంబరపడినవాళ్లూ ఉన్నారు. కొద్దిమందికి మాత్రమే పంపేవారికైతే ఈ శాతాన్ని చూపించే గూగుల్‌ పోస్ట్‌మాస్టర్‌ టూల్స్‌లో ఏ అంకే కనిపించకపోవచ్చు.

కాబట్టి అసలు పని జాబితా పెంచడంలో కన్నా, ఎవరిని చేర్చకూడదో, ఎవరిని ఎప్పుడు తీసేయాలో తెలుసుకోవడంలో ఉంది.

డబ్బిచ్చి కొన్న జాబితా గురించి ఒక్క మాట చాలు: వద్దు. అందులో స్పామ్‌ ట్రాప్‌లుంటాయి. ఏ మనిషీ వాడని, ఎక్కడా నమోదు చేసుకోని చిరునామాలవి. కొన్ని ఎప్పుడో మూతపడి, స్పామర్లకు ఎరగా మళ్లీ తెరిచినవి. వాటికి మెయిల్‌ వెళ్లిందంటే పంపినవారు అనుమతి తీసుకోలేదని రుజువైనట్టే. బిల్లు పంపడం కోసం తీసుకున్న చిరునామా సంగతి మాత్రం చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. రసీదు కోసం ఇచ్చిన చిరునామా ప్రచారానికి ఇచ్చినట్టు కాదు. యూరప్‌లో 2018 మే 25 నుంచి అమల్లో ఉన్న వ్యక్తిగత డేటా రక్షణ చట్టం జీడీపీఆర్‌ ప్రకారం ముందే టిక్‌ పెట్టి ఉంచిన గడి అంగీకారం కిందికి రాదు. అమెరికాలో 2003 నాటి క్యాన్‌-స్పామ్‌ చట్టం ముందస్తు అనుమతి అడగదు గానీ, ప్రచార మెయిల్‌లో పోస్టల్‌ చిరునామా ఉండాలంటుంది, వద్దన్నవారిని పది పనిదినాల్లో తీసేయాలంటుంది. చదివేవారు ఏ దేశంలో ఉంటే అక్కడి నియమం కూడా మీకు వర్తించవచ్చు.

నమోదు ఫారంలో ఈమెయిల్‌ గడి ఒక్కటి చాలు. పుట్టినరోజు, ఫోన్‌ నంబరు అడిగిన కొద్దీ జనం వెనక్కి తగ్గుతారు. దానికి బదులు ఏం వస్తుందో, ఎప్పుడు వస్తుందో స్పష్టంగా రాయాలి. సైకిళ్లు బాగుచేసే వర్క్‌షాపు ఉందనుకోండి. ‘ఆఫర్లు, విశేషాల కోసం చేరండి’ అంటే ఏమీ చెప్పనట్టే. ‘నెలకు రెండు ఉత్తరాలు. ఒక్కో దాంట్లో మీరే చేసుకోగల ఒక చిన్న రిపేరు, వర్క్‌షాపులో ఖాళీ ఉన్న తేదీలు’ అంటే అది మాట ఇవ్వడం. ఆరు నెలల తర్వాత కూడా ఆ మనిషికి తాను దేనికి ఒప్పుకున్నాడో గుర్తుంటుంది.

చేరినవారికి నిర్ధారణ మెయిల్‌ పంపి, అందులో లింక్‌ నొక్కినవారినే జాబితాలోకి తీసుకునే పద్ధతిని డబుల్‌ ఆప్ట్‌-ఇన్‌ అంటారు. దీనివల్ల కొందరు మధ్యలోనే జారిపోతారన్నది నిజం. అయినా పెట్టుకోమనే మా సలహా. చిరునామాలో ఒక అక్షరం తప్పు కొట్టినవారు, ఫారాల్లో ఊరికే చిరునామాలు నింపుకుంటూ పోయే బాట్‌లు అక్కడే ఆగిపోతాయి. నిర్ధారణ మెయిల్‌ స్పామ్‌లో పడితే కథ అక్కడితో ముగుస్తుంది కాబట్టి, ఫారం నింపాక వచ్చే పేజీలోనే ‘ఫలానా పేరుతో, ఫలానా శీర్షికతో మెయిల్‌ వస్తుంది, కనిపించకపోతే స్పామ్‌ ఫోల్డర్‌ చూడండి’ అని రాయాలి.

చేరవేసే సరంజామా

మామూలు జీమెయిల్‌లో అందరినీ బీసీసీలో (ఒకరి చిరునామా ఇంకొకరికి కనబడని గడి) పెట్టి పంపేయడం తొలిరోజుల్లో అందరికీ తట్టే ఉపాయం. ఉచిత ఖాతా నుంచి రోజుకు 500 మందికి మించి పంపనివ్వరు. దానికన్నా పెద్ద చిక్కు, అందులో అన్‌సబ్‌స్క్రైబ్‌ లింక్‌ ఉండదు. వద్దనుకున్నవారికి స్పామ్‌ బటన్‌ తప్ప దారి లేదు. ఏదో ఒకరోజు తొందరలో బీసీసీ బదులు ‘టు’ గడిలో అతికిస్తారు, ఖాతాదారులందరి చిరునామాలూ అందరికీ తెలిసిపోతాయి. న్యూస్‌లెటర్లు పంపిపెట్టే మెయిల్‌చింప్‌, బ్రెవో, మెయిలర్‌లైట్‌ లాంటి సేవల్లో ఏదో ఒకటి వాడటం మేలు. ఏది వాడినా పంపే చిరునామా మాత్రం మీ సొంత డొమైన్‌ మీదే ఉండాలి. జీమెయిల్‌, యాహూ చిరునామాతో ఇంకో సేవ ద్వారా పంపితే, ఉత్తరం మీద ఉన్న పేరు ఒకటి, చేరవేసిన సర్వర్‌ ఇంకొకటి అవుతుంది. తమ చిరునామాతో బయటి సర్వర్ల నుంచి వచ్చే మెయిళ్లను తిప్పికొట్టమని యాహూ 2014 ఏప్రిల్‌లోనే మిగతా సర్వర్లకు చెప్పేసింది.

సొంత డొమైన్‌కు మూడు డీఎన్‌ఎస్‌ రికార్డులు (డొమైన్‌ గురించి మిగతా సర్వర్లు చూసుకునే వివరాలు) కావాలి. ఎస్‌పీఎఫ్‌ అంటే మీ పేరు మీద మెయిల్‌ పంపడానికి అనుమతి ఉన్న సర్వర్ల పట్టిక. డీకిమ్‌ ప్రతి మెయిల్‌ మీద పడే డిజిటల్‌ సంతకం. ఈ రెండింటిలో కనీసం ఒకటైనా మీ డొమైన్‌ పేరుతో సరిపోలకపోతే ఆ మెయిల్‌ను ఏం చేయాలో చెప్పేది డీమార్క్‌. జీమెయిల్‌ ఖాతాలకు రోజుకు 5,000 మెయిళ్లకు పైగా పంపేవారికి మూడూ తప్పనిసరి. తక్కువ పంపేవారికి ఎస్‌పీఎఫ్‌, డీకిమ్‌లలో ఒకటున్నా చాలని గూగుల్‌ అంటుంది. మూడూ పెట్టుకుంటే పోయేదేమీ లేదు, ఒక గంట పని.

ఆ గంటలో తప్పులు దాదాపు ఎప్పుడూ ఒకేచోట జరుగుతాయి. ఆఫీసు మెయిల్‌ కోసం అప్పటికే ఒక ఎస్‌పీఎఫ్‌ రికార్డు ఉంటుంది. న్యూస్‌లెటర్‌ సేవ చెప్పింది కదా అని దాని పక్కన ఇంకోటి చేరుస్తారు. ఒక డొమైన్‌కు ఎస్‌పీఎఫ్‌ రికార్డు ఒకటే ఉండాలి. రెండుంటే రెండూ చెల్లవు. అప్పటిదాకా సరిగ్గా వెళ్తున్న ఆఫీసు మెయిళ్లు కూడా అనుమానంలో పడతాయి. కొత్త సర్వర్‌ వివరాన్ని పాత రికార్డులోనే కలపాలి, ఆ రికార్డును సరిచూడటానికి జరిగే డీఎన్‌ఎస్‌ వెతుకులాటలు మొత్తం పది దాటకూడదు. డీకిమ్‌ రికార్డు పేరు నింపేటప్పుడు కొన్ని డొమైన్‌ ప్యానెళ్లు చివర మీ డొమైన్‌ పేరును వాటంతటవే తగిలిస్తాయి. మీరూ రాసి ఉంటే పేరు రెండుసార్లు పడుతుంది, సేవ ఎంతసేపు చూసినా ‘రికార్డు కనబడలేదు’ అంటూనే ఉంటుంది. డీమార్క్‌ను మొదట ఏ చర్యా వద్దనే ‘నన్‌’ దశలో పెట్టి, నివేదికలు వచ్చే చిరునామా ఇవ్వండి. కొన్ని వారాల పాటు చూశాకే కట్టుదిట్టం చేయాలి. మొదటిరోజే, సరిపోలనివాటిని తిప్పికొట్టమనే ‘రిజెక్ట్‌’ పెట్టినవారికి తమ బిల్లింగ్‌ సాఫ్ట్‌వేర్‌ పంపే ఇన్‌వాయిస్‌లు ఎవరికీ చేరడం లేదని నెలాఖరుకు గానీ తెలియదు.

అన్నీ అయ్యాక మీ జీమెయిల్‌కే ఒక పరీక్ష మెయిల్‌ పంపుకుని, మూడు చుక్కల మెనూలో ‘షో ఒరిజినల్‌’ నొక్కండి. ఎస్‌పీఎఫ్‌, డీకిమ్‌, డీమార్క్‌ మూడింటి పక్కనా ‘పాస్‌’ అని ఉంటే పని పూర్తయినట్టు. అప్పుడైనా జాబితా మొత్తానికి ఒకేసారి పంపొద్దు. ఈమధ్య కొన్నవారు ఓ యాభై, వందమందితో మొదలుపెట్టి, రెండు మూడు వారాల్లో సంఖ్య పెంచుకుంటూ పోవాలి. నిన్నటిదాకా ఉలుకూ పలుకూ లేని డొమైన్‌ నుంచి ఒక్కసారిగా వేల మెయిళ్లు రావడం స్పామర్ల లక్షణం.

ఉత్తరంలో ఏముండాలి

‘జులై న్యూస్‌లెటర్‌’ అన్నది శీర్షిక కాదు, ఫైలు పేరు. పైన చెప్పిన సైకిల్‌ వర్క్‌షాపు ‘చైన్‌ అరిగిందా? స్కేలుతో చూడండి’ అని పంపితే ఫోన్‌ తెరమీద పూర్తిగా కనబడుతుంది, తెరవడానికి కారణమూ ఉంటుంది. లోపల నాలుగు వాక్యాలు: స్కేలు సున్నాను చైన్‌లోని ఒక పిన్ను మధ్యకు ఆనించండి. కొత్త చైన్‌లో 12 అంగుళాల గీత కచ్చితంగా ఇంకో పిన్ను మధ్యకు వస్తుంది. ఆ పిన్ను గీతను దాటి అంగుళంలో పదహారో వంతు జరిగి ఉంటే చైన్‌ మార్చాలి. ఎనిమిదో వంతు దాటితే వెనక పళ్ల చక్రాలూ అరిగి ఉంటాయి, ఖర్చు పెరుగుతుంది. కింద ఒకటే లింక్‌, చైన్‌ మార్పిడికి తేదీ ఎంచుకోమని. కొనని వారికి కూడా ఆ ఉత్తరం ఉపయోగపడింది. వచ్చేసారి ‘ఎవరబ్బా వీళ్లు’ అనుకోరు.

మొత్తం ఉత్తరాన్ని ఒక పోస్టర్‌ బొమ్మగా చేసి పంపడం డిజైనర్లకు ముచ్చటే గానీ, బొమ్మలు ఆపి ఉంచిన చోట అది ఖాళీ డబ్బా. జీమెయిల్‌ 102 కేబీ దాటిన మెయిల్‌ను మధ్యలో కత్తిరిస్తుంది. అడుగున ఉండే అన్‌సబ్‌స్క్రైబ్‌ లింక్‌ ఆ కోతలోనే దాక్కుంటుంది. బొమ్మల ఫైళ్లు ఈ లెక్కలోకి రావు, కోడ్‌, అక్షరాలు వస్తాయి. వర్డ్‌ నుంచి కాపీ చేసి అతికిస్తే కంటికి కనబడని కోడ్‌ బోలెడు వెంట వస్తుంది. తెలుగులో రాసేవారు ఇంకాస్త చూసుకోవాలి: కంప్యూటర్‌ అక్షరాలను దాచుకునే యూటీఎఫ్‌-8 పద్ధతిలో ఇంగ్లిష్‌ అక్షరానికి ఒక బైటు సరిపోతే, ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరానికి ఆరు గుర్తులు, 18 బైట్లు పడతాయి.

పంపేవారి పేరు ప్రతిసారీ ఒకటే ఉండాలి. ‘జవాబివ్వకండి’ తరహా చిరునామా నుంచి పంపడం మాత్రం ఎదురొచ్చే ఖాతాదారు ముఖం మీద తలుపు వేసినట్టే. అన్‌సబ్‌స్క్రైబ్‌ లింక్‌ను బూడిద రంగులో చీమ తలకాయంత అక్షరాలతో దాచేవారు దాన్ని ఉత్తరం పైభాగానికే తెచ్చి చూడాలి. వెళ్లిపోయినవారి వల్ల ఏ నష్టమూ లేదు. వెళ్లే దారి దొరక్క విసిగినవారి వల్లే అంతా. పెద్ద సంఖ్యలో పంపేవారు ఒక్క నొక్కుతో వెళ్లే సౌకర్యం ఇచ్చి, రెండు రోజుల్లో ఆ పేరు తీసేయాలన్నది 2024 నిబంధనల్లో భాగం కూడా.

ఏం లెక్కపెట్టాలి, ఎవరిని తీసేయాలి

ఎంతమంది తెరిచారన్న అంకెను నమ్మే రోజులు పోయాయి. ఉత్తరంలోని బొమ్మ దిగితే తెరిచినట్టు సేవ లెక్కవేస్తుంది. 2021 సెప్టెంబరులో ఐఓఎస్‌ 15తో వచ్చిన యాపిల్‌ మెయిల్‌ ప్రైవసీ ప్రొటెక్షన్‌, మనిషి చూసినా చూడకపోయినా ఉత్తరంలోని బొమ్మల్ని ముందే దించేస్తుంది. సేవ లెక్కలో అది ‘తెరిచారు’ అనే పడుతుంది. క్లిక్కులు కాస్త నయం, అయితే కంపెనీ మెయిళ్లకు కాపలా కాసే భద్రతా సాఫ్ట్‌వేర్‌ కూడా లింకులన్నీ నొక్కి చూస్తుంటుంది. మెయిల్‌ వెళ్లిన రెండు మూడు సెకన్లలోనే అన్ని లింకుల మీదా నొక్కు పడిందంటే అది మనిషి పని కాదు. మిగిలేవి జవాబులు, బుకింగులు, ఉత్తరంలో మాత్రమే ఇచ్చిన కూపన్‌ కోడ్‌. శీర్షికలు రెండు రాసి సగం సగం పంపే ఏ/బీ పరీక్ష 400 మంది జాబితాకు దండగ. ఒకదానికి 12, ఇంకోదానికి 9 క్లిక్కులు వస్తే ఆ తేడా కేవలం యాదృచ్ఛికం కావచ్చు.

ఇక తీసివేత. చిరునామా లేదని తిరిగొచ్చిన హార్డ్‌ బౌన్స్‌ను వెంటనే తీసేయాలి; మంచి సేవలు ఆ పని వాటంతటవే చేస్తాయి. మెయిల్‌బాక్స్‌ నిండిందనో, సర్వర్‌ పనిచేయడం లేదనో వచ్చే సాఫ్ట్‌ బౌన్స్‌కు నాలుగైదుసార్లు ఓపిక పట్టొచ్చు. అసలు తర్జనభర్జన పలకని వారి దగ్గరే. ఆరు నెలలుగా క్లిక్‌ లేదు, జవాబు లేదు, కొనుగోలు లేదు అంటే, ‘ఉంచమంటారా?’ అని ఒక ఉత్తరం రాయండి, ఒక బటన్‌ పెట్టండి. రెండు వారాల్లో నొక్కకపోతే సెలవు. ఏడాదికోసారి కొనే సరుకు అమ్మేవారికి ఆరు నెలల గడువు చాలదు, పద్నాలుగు నెలలు చూడాలి. ‘తెరవలేదు’ అన్న ఒక్క కారణంతో ఎవరినీ తీసేయకండి. బొమ్మలు ఆపుకుని శ్రద్ధగా చదివేవారు సేవ కళ్లకు కనబడరు.

వద్దన్నవారి పేరు తీసేసేటప్పుడు ‘డిలీట్‌’ కొట్టడం పెద్ద పొరపాటు. వారు వద్దన్నారన్న గుర్తు కూడా దానితో పోతుంది. మూడు నెలల తర్వాత ఎవరో పాత ఎక్సెల్‌ షీటును మళ్లీ ఎక్కిస్తారు, అదే మనిషికి మళ్లీ మెయిల్‌ వెళ్తుంది, ఈసారి నేరుగా స్పామ్‌ బటనే. అన్‌సబ్‌స్క్రైబ్‌ అయినవారిని ఆ స్థితిలోనే ఉంచాలి. కొన్ని సేవలు వారిని కూడా లెక్కగట్టి డబ్బు వసూలు చేస్తాయి. అలాంటప్పుడు ‘ఆర్కైవ్‌’ చేసే వీలుందేమో చూడాలి.

నెలకోసారి జాబితా మొత్తాన్ని సీఎస్‌వీ ఫైలుగా (ఎక్సెల్‌లో తెరుచుకునే పట్టిక) దించుకోండి. చిరునామా, చేరిన తేదీ, ఏ ఫారం ద్వారా చేరారు, ఇప్పటి స్థితి: ఈ నాలుగు గడులూ అందులో ఉండాలి. ఫిర్యాదులు పెరిగాయని సేవ ఖాతాను నిలిపేస్తే మొదట అడిగేది ఈ వివరాలే, ఖాతా తెరుచుకోని ఆ రోజున అవి మీ కంప్యూటర్లో తప్ప ఇంకెక్కడా దొరకవు.