నోట్స్ కోసం ట్యాబ్ కొంటున్నారా? రాసి చూడటంతో ఆగకండి, చదివి చూడండి

నోట్స్ కోసం ట్యాబ్ కొనాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది ఒకటే: "రాస్తుంటే కాగితం మీద రాసినట్టు ఉంటుందా?" రివ్యూ వీడియోలు కూడా దాని చుట్టూనే తిరుగుతాయి. పెన్ను పెట్టగానే గీత పడుతోందా, నిబ్ జారుతోందా, చేతిరాత అందంగా వస్తోందా, ఇవే. ఎప్పుడో నెలల కిందట రాసిన పేజీ తెరిచి, అందులో కావలసిన ముక్క ఎంతసేపట్లో దొరికిందో చూపించిన వీడియో నాకు ఇంతవరకు కనబడలేదు. నాకు మండేది అక్కడే. నోట్స్ రాసుకునేదే మళ్లీ చూసుకోవడానికి. అంత డబ్బు పోసి కొనేటప్పుడు రాయడం గురించి సవాలక్ష ప్రశ్నలు వేసి, చదవడం గురించి ఒక్కటి కూడా వేయకపోతే ఎలా?

"చేత్తో రాస్తే చాలు, బుర్రకెక్కుతుంది, మళ్లీ చదవాల్సిన పనే లేదు" అనేవాళ్లు ఉన్నారు. దానికి సాక్ష్యంగా 2014లో పామ్ మ్యూలర్, డేనియల్ ఓపెన్‌హైమర్ ప్రచురించిన పరిశోధనను చూపిస్తారు. ల్యాప్‌టాప్‌లో టైప్ చేసుకున్న విద్యార్థులు విన్నది విన్నట్టు ఎక్కించుకుంటూ పోయారు, చేత్తో రాసుకున్నవాళ్లు తక్కువ రాసినా, విషయం అర్థమైందా అని అడిగే ప్రశ్నలకు మెరుగ్గా జవాబులిచ్చారు అని అందులో ఉంది. అయితే 2021లో మరో బృందం అదే ప్రయోగం మళ్లీ చేస్తే, టైప్ చేసినవాళ్లు ఎక్కువ మాటలు ఎక్కించారన్నది తేలింది గానీ పరీక్షలో ఆ తేడా రాలేదు. ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. ఆ 2014 పరిశోధనలోనే ఒక ప్రయోగంలో వారం తర్వాత పరీక్ష పెట్టారు. అందులో అందరికన్నా ముందున్నది, చేత్తో రాసుకుని, పరీక్షకు ముందు ఆ నోట్స్ తిరగేసుకునే అవకాశం దొరికినవాళ్లు. రాయడం ఒక్కటే సరిపోతుందనే వాదనకు ఆ పరిశోధన నుంచి కూడా మద్దతు దొరకదు.

కాబట్టి నేనడిగేది ఇది. మీరు నోట్స్‌ను ఎలా చదువుతారు? పరీక్ష ముందు రాత్రి పేజీలు గబగబా తిప్పేస్తారా? ఒక పక్క పుస్తకం, ఇంకో పక్క నోట్స్ పెట్టుకుని చూస్తారా? మీటింగ్‌లో ఎవరో ఏదో అన్నారని గుర్తొచ్చి, ఆ ఒక్క మాట కోసం వెతుకుతారా? ఈ ముగ్గురికీ ఒకే ట్యాబ్ నప్పదు. "అందరికీ ఇదే బెస్ట్" అని చెప్పేవాళ్ల మాట ఇక్కడే పక్కన పెట్టేయొచ్చు.

సైజు సంగతి చూడండి. దీన్ని అందరూ బరువుతో ముడిపెడతారు, బ్యాగులో పడుతుందా లేదా అని. నేను కాగితంతో పోల్చి చూడమంటాను. ఏ4 కాగితం 210 మిల్లీమీటర్ల వెడల్పు, 297 మిల్లీమీటర్ల పొడవు. మూల నుంచి ఎదుటి మూలకు కొలిస్తే 14.3 అంగుళాలు. దాన్ని సగానికి మడిస్తే వచ్చే ఏ5 కాగితం 10.1 అంగుళాలు. అంటే ఎక్కువమంది కొనే 10, 11 అంగుళాల ట్యాబ్‌లన్నీ ఏ5 నోట్‌బుక్ సైజులోనే ఉంటాయి. సొంతంగా రాసుకోవడానికి అది హాయిగా సరిపోతుంది. కానీ ఏ4 సైజులో తయారైన పీడీఎఫ్‌ను అందులో తెరిస్తే అక్షరాలు అసలు సైజులో దాదాపు 70 శాతానికి కుదించుకుపోతాయి. రెండు కాలమ్‌ల పరిశోధన పత్రమో, చిన్న అక్షరాల పాఠ్యపుస్తకమో అయితే ఇక ప్రతి పేరానూ వేళ్లతో పెద్దది చేసుకుంటూ, పక్కకు జరుపుకుంటూ చదవాలి. మార్జిన్‌లో ఏదైనా రాయాలంటే మళ్లీ చిన్నది చేయాలి. ఇలా పెద్దదీ చిన్నదీ చేసుకోవడంలో ఏం చదువుతున్నామో మర్చిపోతాం. పీడీఎఫ్‌ల మీద రాసుకోవడమే మీ ప్రధానమైన పని అయితే, బరువు పెరిగినా సరే, 12 లేదా 13 అంగుళాల కన్నా తక్కువకు వెళ్లొద్దు.

పెట్టె మీద రాసిన అంగుళాలు చూసి కూడా మోసపోకండి. ఆ కొలత మూల నుంచి మూలకు. 11 అంగుళాల స్క్రీన్ పొడవు, వెడల్పులు 16:10 నిష్పత్తిలో ఉంటే, నిలువుగా పట్టుకున్నప్పుడు వెడల్పు 148 మిల్లీమీటర్లు వస్తుంది. అదే 11 అంగుళాలు 4:3 నిష్పత్తిలో ఉంటే 168. రెండు సెంటీమీటర్ల తేడా. నిలువుగా పట్టుకుని రాసేవాళ్లకు ఒక వరుసలో రెండు మూడు మాటలు ఎక్కువ పడతాయి, పీడీఎఫ్ పేజీ కూడా కాస్త పెద్దగా కనిపిస్తుంది. ఇప్పటి శాంసంగ్ గెలాక్సీ ట్యాబ్ ఎస్ సిరీస్‌వి చాలావరకు 16:10 స్క్రీన్లు. 13 అంగుళాల ఐప్యాడ్‌లు, కాగితంలా కనిపించే స్క్రీన్ ఉన్న ఈ-ఇంక్ ట్యాబ్‌లు చాలావరకు 4:3. 11 అంగుళాల ఐప్యాడ్ ఎయిర్ ఈ రెంటికీ మధ్యలో, దాదాపు ఏ4 కాగితం నిష్పత్తిలోనే ఉంటుంది. అలాగని 16:10 పనికిరాదని కాదు. అడ్డంగా పెట్టి ఒక సగంలో వీడియో పాఠం, ఇంకో సగంలో నోట్స్ పెట్టుకునేవాళ్లకు ఆ పొడవే సాయం చేస్తుంది.

ఇక ఈ-ఇంక్. దీని గురించి మాట్లాడేవాళ్లంతా "కళ్లకు హాయి" అన్న ఒక్క మాటతో ముగిస్తారు. అది ఎలా పనిచేస్తుందో తెలిస్తే ఎవరికి నప్పుతుందో కూడా తెలుస్తుంది. స్క్రీన్‌లో కంటికి కనబడనంత చిన్న గుళికలు ఉంటాయి, వాటిలో నల్లని, తెల్లని రేణువులు. కరెంటు ఇచ్చినప్పుడు కొన్ని పైకి వస్తాయి, కొన్ని కిందికి పోతాయి. పేజీ మారేటప్పుడు తప్ప, ఉన్న పేజీని నిలిపి ఉంచడానికి స్క్రీన్‌కు కరెంటు అక్కర్లేదు. అందుకే ఛార్జింగ్ రోజుల తరబడి వస్తుంది, ఎండలో కూర్చున్నా అక్షరం స్పష్టంగా కనిపిస్తుంది. కానీ ఆ రేణువులు కదలడానికి కాస్త సమయం పడుతుంది. ఆ కాస్త సమయం రాసేటప్పుడు పెద్దగా తెలియదు, వెతికేటప్పుడు తెలుస్తుంది.

కాగితం నోట్‌బుక్‌లో మనం ఎలా వెతుకుతాం? బొటనవేలితో పేజీలు జారవిడుస్తూ, "ఎడమ పేజీలో పైన డబ్బా గీసి దాని కింద రాశాను కదా" అనుకుంటూ. విషయం గుర్తుండకపోయినా అది పేజీలో ఎక్కడుందో గుర్తుంటుంది. ఆ వెతుకులాటకు పేజీలు చకచకా కదలాలి. మామూలు ఎల్‌సీడీ, ఓలెడ్ ట్యాబ్‌లలో చిన్న చిన్న పేజీ బొమ్మలన్నీ ఒక్కసారి పరుచుకుని చూడొచ్చు, వేలితో జారిస్తే పేజీలు పరిగెడతాయి. ఈ-ఇంక్ మీద ఒక్కో పేజీ మారేదాకా ఆగాలి. పరీక్షల ముందు పేజీలు తిప్పేవాళ్లకు ఇది నరకం. అదే ఒక పుస్తకాన్ని మొదటి నుంచి చివరి దాకా వరుసగా చదువుతూ మార్జిన్‌లో రాసుకునేవాళ్లకు, రోజుకో పేజీ డైరీ రాసేవాళ్లకు ఇంతకన్నా మంచిది లేదు. నోటిఫికేషన్ల గోల కూడా దాదాపు ఉండదు, దృష్టి చెదరదు. ఆ ఒక్క కారణంతో కొనేవాళ్లను నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను.

ఈ-ఇంక్‌లోనూ ఒకదానికొకటి పోలిక లేదు. 2020లో వచ్చిన రీమార్కబుల్ 2 చాలా సన్నగా ఉంటుంది, రాయడం బాగుంటుంది, కానీ స్క్రీన్‌లో లైట్ లేదు. రాత్రి పడుకునే ముందు చదివే అలవాటున్నవాళ్లు పక్కన దీపం పెట్టుకోవాల్సిందే. 2022లో వచ్చిన కిండిల్ స్క్రైబ్‌లో లైట్ ఉంది, అక్షరాలు అంగుళానికి 300 పిక్సెళ్లతో చక్కగా కనిపిస్తాయి. 2024లో వచ్చిన రీమార్కబుల్ పేపర్ ప్రోలో రంగులూ లైటూ రెండూ ఉన్నాయి, అయితే దాని పెన్నుకు ఛార్జింగ్ కావాలి. బూక్స్ ట్యాబ్‌లు ఆండ్రాయిడ్ మీద నడుస్తాయి కాబట్టి మనకు అలవాటైన యాప్‌లు వేసుకోవచ్చు.

అన్నిటికన్నా ముఖ్యమైనది యాప్. దీని గురించి కొనేముందు ఆలోచించేవాళ్లు బొత్తిగా తక్కువ. ట్యాబ్ ఎప్పుడో ఒకప్పుడు పాతబడుతుంది, లేదా కిందపడి పగులుతుంది. అందులో ఉన్న నోట్స్ మీకు పదేళ్ల తర్వాత కూడా కావాలి. శాంసంగ్ నోట్స్‌లో రాసుకున్నవాళ్లు రేపు ఐప్యాడ్‌కు మారితే అక్కడ ఆ యాప్ ఉండదు. యాపిల్ నోట్స్‌కు ఆండ్రాయిడ్ యాప్ లేదు. "పీడీఎఫ్‌గా మార్చుకుంటే పోలేదా" అంటారు. మార్చుకోవచ్చు, పేజీ చూడటానికి అలాగే ఉంటుంది. కానీ మామూలుగా అది చదవడానికి మాత్రమే పనికొస్తుంది. పాత యాప్‌లో చేసినట్టు ఒక మాటను చుట్టి పట్టుకుని పక్కకు జరపడం కుదరదు, రాతకు జతపరిచిన ఆడియో పోతుంది. మైక్రోసాఫ్ట్ వన్‌నోట్‌లో ఇంకో ఇబ్బంది ఉంది. దాని పేజీకి అంతు ఉండదు, ఎంత కిందికైనా, ఎంత పక్కకైనా రాసుకుంటూ పోవచ్చు. రాసేటప్పుడు అది గొప్ప స్వేచ్ఛ. పీడీఎఫ్‌గా తీసేటప్పుడు మాత్రం గీసిన బొమ్మ మధ్యలో విరిగి సగం ఒక పేజీలో, సగం ఇంకో పేజీలో పడొచ్చు.

డబ్బు సంగతి కూడా ఇందులో భాగమే. 2021 నవంబర్‌లో నోటబిలిటీ అనే నోట్స్ యాప్ ఒకసారి కొనే పద్ధతి నుంచి సబ్‌స్క్రిప్షన్‌కు మారింది. అంతకుముందే డబ్బు కట్టినవాళ్లకు కూడా ఏడాది తర్వాత కొన్ని సదుపాయాలు ఆగిపోతాయని మొదట ప్రకటించారు. వాడేవాళ్లు గొడవ చేయడంతో ఆ నిర్ణయం వెనక్కి తీసుకున్నారు. గొడవ చేసినవాళ్లను నేను మెచ్చుకుంటాను, వాళ్లు అడిగింది న్యాయం. అయితే ప్రతిసారీ కంపెనీ వెనక్కి తగ్గుతుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. అందుకే యాప్ ఏదైనా, దానంతట అదే పీడీఎఫ్ బ్యాకప్‌ను వేరే డ్రైవ్‌లోకి పంపే సదుపాయం ఉందా, సబ్‌స్క్రిప్షన్ ఆపేస్తే పాత నోట్స్ తెరుచుకుంటాయా అన్న రెండు ప్రశ్నలకు స్పష్టమైన జవాబు దొరికాకే అందులో రాయడం మొదలుపెట్టండి.

చేతిరాతలో వెతకడం గురించి ప్రకటనల్లో చాలా చెప్తారు. గుడ్‌నోట్స్, నోటబిలిటీ, వన్‌నోట్ అన్నిటిలోనూ ఆ సదుపాయం ఉంది. అయితే అది మీరు రాసే భాషలో పనిచేయాలి, మీ చేతిరాతను గుర్తుపట్టాలి. ప్రకటనలోని గుండ్రటి అక్షరాలను చూసి నమ్మకండి. తొందరలో మీరు రాసే రాత ఎలా ఉంటుందో అలాగే ఓ పేజీ రాసి, అందులో ఒక మాట వెతికి చూడండి. దొరకలేదంటే ఒక చిన్న అలవాటు చేసుకుంటే చాలు: ప్రతి నోట్‌కూ పేరు, తేదీ చేత్తో రాయకుండా టైప్ చేయడం. టైప్ చేసిన పేరు ఏ యాప్‌లోనైనా దొరుకుతుంది.

ఆడియోతో కలిపి రాసుకునే సదుపాయాన్ని నేను అన్నిటికన్నా పైన పెడతాను. నోటబిలిటీలో పాఠం రికార్డ్ చేస్తూ రాసుకుంటే, తర్వాత ఏ మాట మీద వేలు పెడితే ఆ మాట రాసిన క్షణంలో అక్కడ ఏం చెప్తున్నారో వినిపిస్తుంది. సగంలో ఆగిపోయిన వాక్యం, అర్థంకాని గీత అన్నీ మళ్లీ తెలిసిపోతాయి. రికార్డ్ చేయడానికి ముందు మాట్లాడేవాళ్ల అనుమతి తీసుకోవాలి, అది తప్పనిసరి.

పెన్ను గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే ఇప్పుడు వస్తున్న మంచి పెన్నులన్నీ నోట్స్‌కు చాలు. శాంసంగ్ ఎస్ పెన్ వాకమ్ అనే కంపెనీ వారి ఈఎంఆర్ (విద్యుదయస్కాంత) పద్ధతిలో పనిచేస్తుంది, స్క్రీన్ నుంచే శక్తి తీసుకుంటుంది కాబట్టి రాయడానికి ఛార్జింగ్ అక్కర్లేదు, ట్యాబ్ ఎస్ సిరీస్‌లో పెట్టెలోనే వస్తుంది. యాపిల్ పెన్సిల్ విడిగా కొనాలి. 2023లో వచ్చిన యూఎస్‌బీ-సీ పెన్సిల్ నొక్కితే మందంగా, తేలిగ్గా పట్టుకుంటే సన్నగా గీయలేదు. బొమ్మలు వేసేవాళ్లకు అది పెద్ద లోటే, నోట్స్ రాసేవాళ్లకు కాదు. పెన్ను కదిపాక గీత పడటానికి పట్టే ఆలస్యం 9 మిల్లీసెకన్లా, 21 మిల్లీసెకన్లా అని తగువులాడుకునేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: పదిహేను నిమిషాలు రాశాక చెయ్యి అలవాటు పడిపోతుంది.

ఒక్క విషయంలో మాత్రం పట్టుపడతాను. కాగితంలా గరుకుగా ఉంటుందని స్క్రీన్ మీద మ్యాట్ పొర అంటిస్తారు. రాయడానికి బాగానే ఉంటుంది. కానీ దాని వెనక అక్షరాలు మసకబారతాయి, తెల్లటి పేజీ మీద సన్నని చుక్కలు చుక్కలుగా మెరుపు కనిపిస్తుంది, నిబ్ కూడా త్వరగా అరుగుతుంది. రోజులో రాసేది కొంతసేపు, చదివేది చాలాసేపు. అయినా చదివే సుఖాన్ని తగ్గించుకుని మరీ రాసే సుఖం కొనుక్కుంటున్నారు. నిబ్‌కు రబ్బరు తొడుగు వేసుకుంటే జారడం చాలావరకు తగ్గుతుంది, స్క్రీన్ అలాగే ఉంటుంది.

ప్రాసెసర్ గురించి అడగొద్దు. నోట్స్‌కు ఏదైనా సరిపోతుంది. స్టోరేజ్ మాత్రం స్కాన్ చేసిన పుస్తకాలు, ఆడియో ఎక్కువగా పెట్టుకునేవాళ్లు కాస్త పెద్దది తీసుకోవాలి. అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారో కనుక్కోండి, అవి ఆగిపోయాక కొన్నాళ్లకు నోట్స్ యాప్ కొత్త వెర్షన్ కూడా రావడం ఆగిపోతుంది.

కొనడానికి వెళ్లేటప్పుడు మీరు నిజంగా చదివే పీడీఎఫ్ ఒకటి, వంద పేజీలకు తగ్గనిది, వెంట తీసుకెళ్లండి. దాన్ని డెమో ట్యాబ్‌లో తెరవమని అడగండి. పెద్దది చేయకుండా చదవగలరా చూడండి. మధ్యలో ఒక పేజీ మార్జిన్‌లో రెండు వాక్యాలు రాసి, ఫైలు మూసేసి, మళ్లీ తెరిచి ఆ పేజీని వెతికి పట్టుకోండి. తర్వాత ఆ ఫైలును మీ ఫోన్‌కు పంపించి, మీరు రాసింది అక్కడ సరిగ్గా కనిపిస్తోందో లేదో చూడండి. డెమో ట్యాబ్‌లో సొంత ఫైలు తెరవనివ్వకపోతే, వెనక్కి ఇచ్చే గడువు ఉన్నచోటే కొని, ఆ గడువు దాటకముందే ఈ పనులన్నీ ఇంట్లో చేసి చూడండి.