పల్లె చర్చి గోడలోని ఆ కిటికీ కుష్ఠు రోగుల కోసం పెట్టింది కాదు

ఇంగ్లండ్ పల్లెల్లోని పాత చర్చిల ఫొటోలతో ఒక పోస్టు తెగ తిరుగుతోంది. గోడ కింది భాగంలో ఉన్న చిన్న కిటికీని చూపించి, 'మధ్యయుగంలో కుష్ఠు రోగులను లోపలికి రానిచ్చేవారు కాదు, వాళ్లు బయట నిలబడి ఇందులోంచే బలిపీఠాన్ని చూసేవారు, సత్ప్రసాదం (పూజలో పంచే పవిత్రమైన అప్పం) కూడా ఇందులోంచే అందుకునేవారు' అని రాశారు. చదివితే మనసు చివుక్కుమంటుంది. కానీ ఆధారాలు చూస్తే ఈ కథ నిలవదు.

ముందు బలిపీఠం సంగతి. అది చర్చికి తూర్పు చివర ఉంటుంది. ఈ కిటికీలు మాత్రం ఎక్కువగా బలిపీఠమున్న గదికి పడమటి మూలన, దక్షిణపు గోడలో ఉంటాయి. బయట వంగి చూస్తే చాలా చోట్ల కనిపించేది ఎదురు గోడే.

ఇక సత్ప్రసాదం. అప్పట్లో మామూలు జనం ఏడాదికోసారి, ఈస్టరుకే తీసుకునేవారు. కనీసం అదైనా తప్పదని 1215లో రోమ్‌లో జరిగిన కాథలిక్ చర్చి పెద్దల సభ, లాటరన్ మహాసభ, నియమం పెట్టింది. ఏడాదికోసారి ఇచ్చేదాని కోసం గోడకు కిటికీ పెడతారా?

రోగులకు చోటే లేదన్న మాట నన్ను ఎక్కువగా బాధపెట్టింది. ఒకచోట కలిసి బతికే కుష్ఠు రోగులకు సొంత చర్చి, పూజ చేయించే సొంత గురువు, సొంత శ్మశానం ఉండాలని 1179 నాటి లాటరన్ మహాసభే చెప్పింది. కేంబ్రిడ్జి శివార్లలో 12వ శతాబ్దంలో వాళ్ల ఆసుపత్రికి కట్టిన ప్రార్థనాలయం ఇప్పటికీ నిలిచి ఉంది.

ఎసెక్స్‌లోని గ్రీన్‌స్టెడ్ చర్చి ఫొటో కూడా ఇదే మాటతో తిరుగుతోంది. నిలువు ఓక్ దుంగల గోడలున్న చాలా అందమైన చర్చి అది. అక్కడి చిన్న గూడు సరిగ్గా తలుపు పక్కనే ఉంది కాబట్టి, లోపలికి వెళ్లేవాళ్లు వేళ్లు ముంచుకునే పవిత్ర జలం కోసం పెట్టిందనుకోవడమే సబబు.

మరి ఆ కిటికీలు దేనికి? గాలికో, వెలుతురుకో కొన్ని పెట్టి ఉండొచ్చు. నాకు బలంగా అనిపించేది మాత్రం గంట. గురువు అప్పాన్ని పైకెత్తే క్షణంలో గంట మోగించాలని, పూజకు రాలేనివాళ్లు ఇళ్లలో, పొలాల్లో ఉన్నచోటే మోకరిల్లాలని 1281లో ఇంగ్లండ్‌లోని కాంటర్‌బరీ ఆర్చిబిషప్ (ప్రధాన మతాధికారి) పెక్కమ్ ఆదేశించాడు. ఈ కిటికీల్లో చాలావాటికి అద్దం ఉండేది కాదు, చెక్క తలుపు ఉండేది. ఆ తలుపు తీసి చేతిగంట ఊపితే చప్పుడు బయటి పొలాల్లోకి వెళ్తుంది.