పద్నాలుగో బార దగ్గర నా భుజం తట్టిన మహానుభావుడికి

ఇప్పుడే పూల్ నుంచి వచ్చాను. జుట్టు ఇంకా క్లోరిన్ వాసన కొడుతోంది, కాఫీ చల్లారిపోయింది. అయినా ఇది రాశాకే ఆఫీసుకి వెళ్తాను.

పొద్దున్న ఆరింటి బ్యాచ్. చివరి లేన్‌లో, గోడ పక్కన, నా మానాన నేను చెయ్యి చాపి వేసే బారలు లెక్కపెట్టుకుంటూ పోతున్నాను. పన్నెండు, పదమూడు, పద్నాలుగు... ఎవరో భుజం మీద దబ్బున కొట్టారు. ఉలిక్కిపడి లేచి గాగుల్స్ తీస్తే ఎదురుగా ఒక పెద్దాయన. "ఏటి బాబూ, నీళ్లల్లో నిద్దరోతన్నావా? కాళ్లు గట్టిగా కొట్టు!" గట్టు మీద కోచ్ గారు కూడా నవ్వారు.

తక్కువ బారల్లో పూల్ దాటాలని మూడు నెలలుగా నా తిప్పలండీ! 25 మీటర్లకి 31 బారలు వేసేవాణ్ని, 22కి వచ్చాను. ఈరోజు 21 పడేది, కావాలంటే రాసిస్తాను. పద్నాలుగో బారకి రోజూ ఉండే చోటు కన్నా మూరెడు ముందున్నాను మరి.

ఆ పెద్దాయన ఈత చూడాలి మీరు. తల పైకి, కాళ్లు కిందికి, చేతులేమో చాకిరేవులో బట్టలు ఉతికినట్టు. ఒక్క ల్యాప్ వేసి గోడ పట్టుకుని రెండు నిమిషాలు రొప్పుతాడు. ఆ రెండు నిమిషాల్లోనే లోకానికి ఉచిత కోచింగ్.

గాలి కంటే నీళ్లు దాదాపు 800 రెట్లు చిక్కన. వేగం రెట్టింపు చేస్తే నీళ్లు అడ్డుపడేది నాలుగింతలవుతుంది. అలాంటి దానితో కుస్తీ ఏంటి సార్? తల ఎత్తితే నడుము దిగిపోతుంది. ఊపిరికి తల ఎత్తక్కర్లేదు, ఒళ్లు పక్కకి దొర్లితే నోరు దానంతటదే బయటికొస్తుంది, ఒక కన్ను నీళ్లలోనే ఉంటుంది. ముఖం లోపలున్నంతసేపూ బుడగలు వదులుతూనే ఉండాలి. లేదంటే పైకొచ్చిన అరక్షణంలో వదలాలా, పీల్చాలా? మొదటి నెలంతా నాకదే ఆయాసం. స్టామినా లేదనుకుని డజన్లకొద్దీ అరటిపళ్లు తిన్నాను! ఇక చెయ్యి. మోచెయ్యి పైనే ఉంచి అరచెయ్యీ ముంజెయ్యీ కలిపి నీళ్లని పట్టుకోవాలి. ఆ పట్టు దొరికితే చెయ్యి అక్కడే పాతినట్టు ఉంటుంది, మనిషే ముందుకి జారిపోతాడు. ఇదంతా మెల్లగా ఈదితేనే ఒంటికి తెలుస్తుంది.

రష్యా ఈతగాడు అలెగ్జాండర్ పొపోవ్ 1992 బార్సిలోనాలో, 1996 అట్లాంటాలో 50, 100 మీటర్ల ఫ్రీస్టైల్ రెండూ గెలిచాడు. పాత వీడియోలు చూడండి, ఎక్కడా కంగారే కనపడదు. మా పూల్‌కి వచ్చుంటే పాపం ఆయన భుజం కూడా తట్టేవారు.

"మేం వైజాగ్ లాసన్స్ బే కెరటాల్లో నేర్చుకున్నోళ్లం" అని పెద్దాయనది ఇంకో డైలాగు. సముద్రంలో తల ఎత్తాల్సిందే, వచ్చే కెరటం చూసుకోవాలి. అక్కడి పెదజాలరిపేట బెస్తపిల్లలు అలాగే ఈదుతారు, వాళ్లకి దండం. పూల్‌లో కెరటమేది గురువుగారూ? అడుగున నల్లగీత ఒకటుంది, అదెక్కడికీ పోదు.

అసలు ఇంత సముద్రం పక్కన పెట్టుకుని నేను 36 ఏళ్లొచ్చాక ఈత ఎందుకు నేర్చుకుంటున్నాను? మా బడిలో పీటీ పీరియడ్ ఏనాడైనా పీటీకి దక్కితే కదా! గంట కొట్టగానే లెక్కల మాస్టారు దిగిపోయేవారు. ఎక్కాలు గడగడా అప్పజెప్పినవాడే తెలివైనవాడు. పదిహేడు తొమ్ములు ఎంతంటే నేను ఒక్క క్షణం ఆలోచించి చెప్పబోయేవాణ్ని. ఈలోపే "నిద్దరోతన్నావేట్రా?" అని బెంచీ ఎక్కించేసేవారు. అచ్చం ఇదే మాట! 26 ఏళ్ల తర్వాత, తడి నిక్కరులో నిలబెట్టి మరీ! 153 మాస్టారూ. అప్పుడూ తెలుసు.

ఆ కోపంలో గాగుల్స్ గట్టు మీదే వదిలేసి వచ్చాను. ఇప్పుడే మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో వాటి ఫోటో పడింది, "ఇవి ఎవరివి?" అని. పక్కనే నిద్రపోతున్న ఎమోజీ. పెట్టిందెవరో వేరే చెప్పాలా?