జింక్ ఆక్సైడ్ పొర పెంచారు సరే, అదేంటో తేల్చారా?

జింక్ ఆక్సైడ్ పలుచని పొరలో పి టైప్, అంటే ఎలక్ట్రాన్ లేని ఖాళీలే (వీటినే హోల్స్ అంటారు) కరెంటు మోసే గుణం, సాధించామని చెప్పే పరిశోధన పేపర్లు గత పాతికేళ్లలో వందల కొద్దీ వచ్చాయి. జింక్ ఆక్సైడ్‌తో చేసిన ఎల్ఈడీ కొందామని షాపుకెళ్తే మాత్రం ఒక్కటీ దొరకదు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఎక్కడో తేడా కొడుతోంది కదా. నన్నడిగితే ఆ తేడా పొర పెంచడంలో కంటే, పెంచినదాన్ని కొలిచే తీరులోనూ, కొలవగానే నమ్మేసే తొందరలోనూ ఎక్కువగా ఉంది.

అసలు ఈ పదార్థం మీద అంత మోజు ఎందుకు పుట్టిందంటే, దానికి కారణం గాలియం నైట్రైడ్. 1989లో జపాన్‌లో అకసాకి, అమానో దానిలో పి టైప్ తెచ్చారు, తర్వాత నకమురా దాన్ని ఫ్యాక్టరీ దాకా తీసుకెళ్లారు, నీలి ఎల్ఈడీ వచ్చింది, 2014లో ముగ్గురికీ నోబెల్ కూడా వచ్చింది. జింక్ ఆక్సైడ్‌ది కూడా అదే స్ఫటిక నిర్మాణం, బ్యాండ్ గ్యాప్ (ఎలక్ట్రాన్ విడుదలై కదలడానికి దాటాల్సిన శక్తి అంతరం) కూడా ఇంచుమించు అంతే, 3.3 ఎలక్ట్రాన్ వోల్టుల పైమాట. పైగా ఒక అదనపు ఆకర్షణ ఉంది. ఎలక్ట్రాన్, హోల్ జతకట్టి ఉండే ఎక్సైటాన్‌ను విడదీయడానికి ఇందులో 60 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. మామూలు గది వేడి ఇచ్చేది దాదాపు 26 మాత్రమే కాబట్టి ఆ జత విడిపోదు, కాంతి బాగా వస్తుంది. గాలియం నైట్రైడ్‌లో ఆ బలం 25 దగ్గరే ఆగిపోతుంది. ఇక జింక్ ఆక్సైడ్ అంటే టైర్ల రబ్బరులోనూ, చర్మానికి రాసే క్రీముల్లోనూ వాడే చవక సరుకు. ఇంకేం కావాలి, అందరూ ఎగబడ్డారు.

చిక్కంతా ఒక్కటే. ఈ పదార్థంలో మీరేమీ కలపకపోయినా అది ఎన్ టైప్‌గానే తయారవుతుంది, అంటే ఎలక్ట్రాన్లు వాటంతటవే వచ్చి చేరతాయి. ఆక్సిజన్ ఖాళీల వల్లే ఇలా అవుతోందని చాలాకాలం అనుకున్నారు. 2000లో వాన్ డి వాలే అనే శాస్త్రవేత్త లెక్కలు వేసి హైడ్రోజన్ వైపు వేలు చూపించాడు. జింక్ ఆక్సైడ్‌లోకి చేరిన హైడ్రోజన్ ఎప్పుడూ ఎలక్ట్రాన్‌ను ఇచ్చే పనే చేస్తుందని తేల్చాడు. వాక్యూమ్ ఛాంబర్‌లో కూడా ఎంతో కొంత మిగిలిపోయేది ఆ హైడ్రోజనే, దాన్ని పూర్తిగా వదిలించుకోవడం ఎవరి తరం?

2005లో జపాన్‌లోని తొహోకు యూనివర్సిటీకి చెందిన సుకజాకి, కవసాకి బృందం పి టైప్ పొర, దానితో వెలిగే ఎల్ఈడీ చూపించింది. వాళ్ల పని నాసిరకం ఏమీ కాదు, నిజానికి చాలా తెలివైన పని. పి టైప్ కోసం వాళ్లు కలిపిన నైట్రోజన్ తక్కువ వేడిలో బాగా ఇముడుతుంది, స్ఫటికమేమో ఎక్కువ వేడిలోనే నీటుగా పెరుగుతుంది, అందుకని పొర పెరుగుతుండగానే వేడిని కిందికీ పైకీ మారుస్తూ పోయారు. సఫైర్ (అల్యూమినియం ఆక్సైడ్ స్ఫటికం) మీద పెంచితే అణువుల అమరికలో దాదాపు 18 శాతం తేడా వస్తుంది కాబట్టి స్కాండియం, అల్యూమినియం, మెగ్నీషియం కలిసిన మరో ఆక్సైడ్ స్ఫటికాన్ని అడుగున పెట్టుకున్నారు, దాంతో ఆ తేడా 0.1 శాతం లోపుకి పడిపోయింది. ఇంత చేసినా ఆ దారి పరిశ్రమగా మారలేదు. 2009లో అమెరికాలోని శాంటా బార్బరా యూనివర్సిటీ నుంచి వచ్చిన లెక్కల ప్రకారం జింక్ ఆక్సైడ్‌లో నైట్రోజన్ స్థాయి 1.3 ఎలక్ట్రాన్ వోల్టుల లోతున ఉంది. గది వేడికి అక్కడి నుంచి హోల్స్ బయటికి రావడం అయ్యే పని కాదు.

మరి ఆ వందల పేపర్లలో కనిపించిన పి టైప్ ఏమిటి? అన్నీ అబద్ధాలని నేననను. హాల్ ఎఫెక్ట్ కొలత ఎలా జరుగుతుందో ఒకసారి చూడండి. చిన్న చదరపు పొర, నాలుగు మూలల్లో నాలుగు కాంటాక్టులు, అయస్కాంత క్షేత్రం, వచ్చే వోల్టేజ్ ప్లస్సా మైనస్సా అన్నదాన్ని బట్టి పి అనో ఎన్ అనో రాసేస్తాం. వాహకాలు (కరెంటు మోసే ఎలక్ట్రాన్లు, హోల్స్) మందకొడిగా కదిలే పొరలో ఆ వోల్టేజ్ ఎంత చిన్నదంటే, కాంటాక్టులు కాస్త అటూ ఇటూ ఉన్నందువల్ల వచ్చే వోల్టేజ్ దాన్ని మింగేస్తుంది. పొర అంతటా ఒకేలా లేకపోయినా, కాంటాక్టులు అంచున కాకుండా లోపలికి ఉన్నా, పూర్తిగా ఎన్ టైప్ పొర కూడా పి అని చూపించగలదని బీర్వాగెన్ బృందం 2008లోనే వివరంగా చూపించింది. దీనికితోడు సఫైర్ నుంచి అల్యూమినియం పైకి పాకి అడుగున మరో వాహక పొర కట్టొచ్చు, కాసేపటి ముందు వెలుతురు తగిలిన పొర చీకట్లో కూడా గంటల తరబడి వేరే విలువ చూపించొచ్చు. ఇన్ని మెలికలున్న చోట ఒక్క ప్లస్ గుర్తు చూసి పేపర్ రాసేయడం నాకైతే తొందరపాటనే అనిపిస్తుంది. అదే పొరను నెల తర్వాత మళ్లీ కొలిచి, ఇంకో ల్యాబ్‌కి పంపి వాళ్ల చేత కూడా కొలిపించి, ఆ రెండు ఫలితాలూ పేపర్‌లో పెట్టినవాళ్లు ఎంతమంది?

మన దగ్గర కూడా ఈ అలవాటు తక్కువేం కాదు. తెలుగు రాష్ట్రాల యూనివర్సిటీల్లో ఫిజిక్స్ పీహెచ్‌డీ అంటే జింక్ ఆక్సైడ్ చాలామందికి బాగా అచ్చొచ్చిన టాపిక్. స్ప్రే పైరోలిసిస్‌కి ఖర్చు తక్కువ, వేడి గాజు మీద ద్రావణం చిమ్మితే పొర వచ్చేస్తుంది. అందులో తప్పు లేదు, గ్యాస్ సెన్సర్లకూ పారదర్శక ఎలక్ట్రోడ్లకూ అలాంటి పొర సరిపోతుంది. కానీ ఎక్స్ఆర్‌డీలో (స్ఫటికాల అమరిక చూసే ఎక్స్‌రే పరీక్షలో) 34.4 డిగ్రీల దగ్గర ఒక్క పీక్ నిటారుగా కనబడగానే ‘అత్యుత్తమ స్ఫటిక నాణ్యత’ అని రాసేస్తున్నారే, అక్కడే నా అభ్యంతరం. ఆ పీక్ చెప్పేది గింజలన్నీ నిలువుగా ఒకే దిక్కుకి నిలబడ్డాయని మాత్రమే. అడ్డంగా అవి ఎటు తిరిగి ఉన్నాయో తెలియాలంటే పొరను తిప్పుతూ ఫై స్కాన్ తీయాలి, ఎంత వంకరగా ఉన్నాయో తెలియాలంటే రాకింగ్ కర్వ్ చూడాలి. గాజుకి స్ఫటిక క్రమమే లేదు కాబట్టి దాని మీద మామూలుగా చిమ్మిన పొర అడ్డంగా ఒక క్రమంలో ఉంటుందని ఆశించలేం. ఈ మాట వైవాలో అడిగే ఎగ్జామినర్లు తక్కువే.

మళ్లీ ఆ జపాన్ బృందం దగ్గరికొద్దాం, ఎందుకంటే ఈ కథలో నాకు బాగా నచ్చిన మలుపు అదే. వాళ్లు హోల్స్ వేట పక్కనబెట్టి ఎలక్ట్రాన్ల వైపు, శుభ్రత వైపు తిరిగారు. 2007లో మెగ్నీషియం కలిపిన జింక్ ఆక్సైడ్‌కీ, మామూలు జింక్ ఆక్సైడ్‌కీ మధ్య హద్దులో క్వాంటం హాల్ ఎఫెక్ట్ (అతిశీతలంలో, బలమైన అయస్కాంత క్షేత్రంలో హాల్ ఫలితం మెట్లుమెట్లుగా మారడం) చూశారు. 2010లో ఫ్రాక్షనల్ క్వాంటం హాల్ (ఆ మెట్లు భిన్నాల దగ్గర కూడా రావడం) కూడా కనబడింది, ఒక ఆక్సైడ్‌లో అది రావడం అదే మొదటిసారి. ఇటుకలా కాల్చిన జింక్ ఆక్సైడ్ దిమ్మను (టార్గెట్‌ను) లేజర్‌తో కొడితే దానిలోని మలినాలు కూడా పొరలోకి వచ్చేస్తాయని ఆ పద్ధతి మానేసి, శుద్ధమైన జింక్ లోహాన్ని ఆవిరి చేసి, ఓజోన్ పంపి, జింక్ ఆక్సైడ్ స్ఫటికం మీదే పొర పెంచడం మొదలుపెట్టారు. 2016 నాటికి అతిశీతల స్థితిలో ఎలక్ట్రాన్ల మొబిలిటీ, అంటే అవి కదిలే సులువు, 10 లక్షలు (చదరపు సెంటీమీటర్/వోల్ట్-సెకను) దాటింది. ఒకప్పుడు గాలియం ఆర్సెనైడ్‌కే సొంతమనుకున్న స్థాయి అది. పి టైప్ దక్కకపోయినా ఫిజిక్స్‌కి దక్కింది చాలానే ఉంది.

ఇప్పుడు అందరి చూపూ గాలియం ఆక్సైడ్ మీద పడింది. దీని బ్యాండ్ గ్యాప్ 4.8 దరిదాపుల్లో ఉంటుంది, భారీ వోల్టేజీలు తట్టుకుంటుంది, 2012లో హిగాషివాకి బృందం దీని స్ఫటికంతో ట్రాన్సిస్టర్ చేసి చూపించింది. ఇందులో పుట్టిన హోల్ తన చుట్టూ అణువుల్ని తనే వంచుకుని అక్కడే ఇరుక్కుపోతుందని లెక్కలు ముందే చెప్పాయి, అయినా పి టైప్ వచ్చిందనే వార్తలు అప్పుడప్పుడూ వస్తూనే ఉన్నాయి. చాలామంది ఇంజనీర్లు మాత్రం ఆ గొడవలో పడకుండా, ఎలాగూ పి టైప్‌గా ఉండే నికెల్ ఆక్సైడ్‌ని పైన అంటించి డయోడ్లు చేసుకుంటున్నారు. నాకు వాళ్ల దారే నయమనిపిస్తోంది. ఈలోగా ఎవరైనా గాలియం ఆక్సైడ్‌లో పి టైప్ అంటూ వస్తే, కాంటాక్టులు ఎక్కడ పెట్టారు, అడుగున ఏముంది, ఇంకెవరు కొలిచారు అని అడిగాకే చప్పట్లు కొడదాం.